చిగురు సందున మందు

క్రిందటి పండుగకు మా అక్క కాట్టుపల్లికి వచ్చినప్పుడు మురుకుల పళ్ళెం ముందు పెట్టినాము. ఆమె ఒకటి తీసికొని పాలలో నానవేసికొని తిన్నది. అరువది ఇంకా నిండలేదు. అప్పుడే నాలుగు పళ్ళు పోయినవి. పదేండ్లుగా పళ్ళు తోముకొన్నప్పుడెల్ల రక్తము వచ్చుచుండెడిది. వచ్చినప్పుడెల్ల మందుల కొట్టులో అడిగి నాలుగు క్యాప్సూళ్ళు మ్రింగినది. రెండు దినములు తగ్గును, మరల మొదలు. "వయసైతే పళ్ళు ఊడవా?" అని మేమును అన్నాము. ఆ మాట తప్పని తెలిసినది గనుక ఈ నెల దానిని గురించియే చెప్పుచున్నాము.

పంటికి, చిగురుకు నడుమ ఆరోగ్యవంతులకును సన్నని సందు ఉండును. దాని లోతు సాధారణముగా 3 మిల్లీమీటర్లకు మించదు. పాచి పేరుకొని గారగా గట్టిపడితే చిగురు వాచి, పంటిని విడిచి, ఆ సందు సంచివలె లోతగును. 5, 6 మిల్లీమీటర్ల లోతునకు బ్రష్షు పోదు, వేపపుల్ల పోదు, పుక్కిలించిన నీరును చేరదు. అక్కడ క్రిములు కాపురముండగా, పంటిని పట్టియున్న ఎముక మెల్లగా కరగిపోవును.

మ్రింగిన మందు ఒళ్ళంతా తిరుగును. ఆ సంచికి చేరునది స్వల్పము. ఒక్క మొక్క కోసము ఊరంతటికీ నీరు కట్టినట్లు. అందుకే 1979లో అమెరికాలో మాక్స్ గుడ్‌సన్, ఆయన తోటివారు టెట్రాసైక్లిన్ మందును సన్నని గొట్టపు పోగులో నింపి సంచిలోనే ఉంచి చూచినారు. నేడు చెన్నైలోనే తయారగు ఒక పోగులో సుమారు 2 మిల్లీగ్రాముల మందు ఉండును. అదే మందు నోట మ్రింగవలెనంటే సాధారణముగా దినమునకు 1000 మిల్లీగ్రాములు. క్లోర్‌హెక్సిడిన్ అను మందుతో చిన్న బిళ్ళయు ఉన్నది. అది వారము పది దినములలో తానే కరగిపోవును.

టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. దానిని కనిపెట్టినది డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు. ఆ లెడర్లీ పరిశోధనశాలకు అప్పటి నాయకులు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరమున పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినవారు.

అయితే ఒక హెచ్చరిక. ముందు డాక్టరు గారను వేరుదాక గీకి తీయవలెను. గార ఉండగా మందు పెట్టుట, ఇల్లు ఊడ్వక సాంబ్రాణి వేసినట్లే. మందు శుభ్రమునకు తోడేగాని బదులు కాదు. అది చేయు అదనపు మేలు కొంచెమే. పోయిన ఎముకను అది తిరిగి తేలేదు. గర్భిణులకు, 8 ఏండ్ల లోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ తగదు. చక్కెర జబ్బు గలవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. చక్కెర చిగుళ్ళను చెరచును, చెడిన చిగుళ్ళు చక్కెరను అదుపు తప్పించును.

అక్కను తిరువళ్ళూరులో రైలెక్కించి చెన్నైకి తీసికొని పోయినాము. గార తీసి, లోతైన రెండు సంచులలో పోగు పెట్టినారు. రక్తము ఆగినది, మిగిలిన పళ్ళు నిలిచినవి. 1953లో ఏర్పడిన ప్రభుత్వ దంత వైద్య కళాశాలయు ఆ ఊరనే ఉన్నది గనుక లేనివారును వెనుదీయ పనిలేదు.

తిరిగి వచ్చునప్పుడు అక్క, "ఈ మాట పదేండ్ల ముందే చెప్పరాదా, తమ్ముడా?" అన్నది. మాకు జవాబు లేకపోయినది. మీ ఇంట ఎవరి బ్రష్షయినా ఎర్రబడితే, ఆ మాట ఈ దినమే చెప్పండి.