అడవి యెవరిది?

నేపాలులో పులులు 2009లో 121, 2022లో 355. హర్షించవలసిందే. గాని పులుల లెక్క చెప్పే పెద్దలు మనుషుల లెక్క చెప్పరేం?

1911లో చిత్వన్ ప్రాంతపు అడవుల్లో జార్జి చక్రవర్తి పరివారం 39 పులులను, 18 ఖడ్గమృగాలను కూల్చింది. అది రాజవినోదం! 1973లో చిత్వన్ జాతీయవనమయింది. కాపలాకు సైన్యం దిగింది. తాతలనాటి నుంచి గడ్డీ కట్టెలూ తెచ్చుకున్న థారూ రైతు అనుమతి చీటీ లేకపోతే దొంగ అయ్యాడు. రారా సరస్సు చెంత రెండు గ్రామాలను లేపి, ఆ కొండవాసులను తరాయి మైదానానికి తోలారు.

“ప్రజలకు వదిలితే అడవి మిగలదు” అంటారు. అబద్ధం. 1957లో ప్రభుత్వం అడవులను జాతీయం చేసింది. తనది కానిదాన్ని కాపాడే బాధ్యత పల్లెకు లేకపోయింది. 1993 చట్టం వాడకందారుల సంఘాలకు హక్కు ఇచ్చింది. బోడిగుట్టలు అనేకచోట్ల తిరిగి పచ్చబడ్డాయి. 1996 నియమాలు వనాల రాబడిలో 30 నుంచి 50 శాతం పరిసర గ్రామాలకు కేటాయించాయి. మంచిదే. కాని వాటా వేరు, అధికారం వేరు.

పులిని కాపాడాలి. ఆ పులి పక్కన బతికేవాడి హక్కును తొక్కి కాదు. అతని చేతుల మీదుగానే కాపాడాలి. తుపాకి కాపలా యెన్నాళ్లు నిలుస్తుంది?