ఖాళీ అనుకున్న క్యాసెట్టు



ఈ నెల పాత రేడియో పాటల గురించి రాస్తానని చెప్పి ఉంటిని. మన్నించాల, అది వచ్చే నెలకు పెట్టుకుందాం. మొన్న మా లక్కూరికి పోయొచ్చినప్పటి నుంచి మనసంతా ఒక క్యాసెట్టు చుట్టూనే తిరుగుతా ఉంది. ఆ సంగతి చెప్పుకోకపోతే నాకు తెల్లవారదు.

లక్కూరు మాలూరు తాలూకాలో ఒక హోబళి. మాలూరు పెంకులు, ఇటికెలు మీలో చాలామంది ఇళ్ళ మీదే ఉంటాయి. మా మేనమామ అక్కడ పెంకుల ఫ్యాక్టరీలో పని చేసినాడు. మా నాయన బెంగళూరికొచ్చి మిల్లులో చేరినాడు. మా చిన్నప్పుడు పండగంటే మారికుప్పం రైలెక్కి మాలూరులో దిగి, బస్సు కోసం గంట నిలబడి లక్కూరు చేరడమే. రాత్రి భోజనాలయినాక మామ హార్మోనియం తీస్తాడు, అత్త తాళాలు తీస్తుంది. ఇంక భజన మొదలయితే కోడి కూసినదాకా ఆగదు.

ఎక్కువగా పాడేది కైవారం తాతయ్య తత్వాలు. గాజులమ్ముకునే నారాయణప్ప యోగి అయిన కథ మన పక్క చెప్పక్కర్లేదు. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ రాసినాడు. 1726లో పుట్టి 1836లో సమాధి అయినాడని భక్తులంటారు. కైవారం ముందు మన కోలారు జిల్లాలోనే ఉండె, 2007లో జిల్లా చీలినాక చిక్కబళ్ళాపురం కిందికి పోయింది. జిల్లా మారింది గానీ పాట మారలేదు. ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్ళు కూడా ఆ తెలుగు తత్వం పాడతారు. అర్థం అడిగితే చెప్తారు కూడా.

ఇట్లాంటి పాటలు ప్లేట్లలో ఎందుకు తక్కువంటే, దానికో కారణముంది. పాత లక్క ప్లేటు ఒక పక్కకి మూడు నిమిషాలు, మించితే ఇంకొంచెం. రాత్రంతా పాడే తత్వం మూడు నిమిషాల్లో ఎట్లా ఇముడుతుంది? పైగా కంపెనీవాళ్ళు అమ్ముడయ్యేదే చూసుకుంటారు. నాటకం పద్యాలు, సినిమా పాటలు, పెద్ద విద్వాంసుల కీర్తనలు అచ్చయినాయి. పెంకుల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగొచ్చి పాడేవాళ్ళ గొంతు ఎవరికి కావాల? అది మనింట్లో టూ ఇన్ వన్ కొన్నాకే నిలిచింది. ఎర్ర బటనూ నల్ల బటనూ కలిపి నొక్కితే చాలు, ఎవరి గొంతయినా టేపు మీదికెక్కుతుంది. 1980ల తర్వాత క్యాసెట్టు బీదవాళ్ళ ఇంటికొచ్చిందంటే, మొదటిసారి మన గొంతు మనకే వినిపించిందన్న మాట.

సరే, అసలు సంగతి. మా అత్త పోయి ఏడేళ్ళయింది. మొన్న తిథికి పోయినప్పుడు మామ ఒక ఇనప ట్రంకు ముందర పెట్టినాడు. "నువ్వు పాటల పిచ్చోడివి కదరా, తీసుకుపో. ఈడుంటే ఎలుకలు కొట్టేస్తాయి" అన్నాడు. 43 క్యాసెట్లు, 11 ప్లేట్లు. మోసుకొచ్చినాను. ఇంటికి రాగానే మా ఆవిడ గడపలోనే నిలబడి, "ఇది ఇల్లా, పాత సామాన్ల అంగడా? ఉన్నవాట్లో ఏది యాడుందో మీకే తెలీదు, మళ్ళీ ఇవొకటా?" అనింది. నిజమే. నా దగ్గర అప్పటికే రెండొందల పైన ఉన్నాయి. మంచం కింద కొన్ని, అటక మీద కొన్ని. రాబర్ట్‌సన్‌పేటలో పాత సామాన్లమ్మే ఆయన దగ్గర కొన్న పాండవోద్యోగ విజయాల పద్యాల ప్లేటు ఒకటి, మూడేళ్ళు వెతికితే బియ్యం డబ్బా వెనకాల దొరికింది. లేబులు చిరిగిపోయి ఉండె.

అందుకని ఈసారి ఒట్టు పెట్టుకున్నాను. ఒక్కొక్కటీ రెండు పక్కలా వినాల, నోటుబుక్కులో రాయాల, అప్పుడే పెట్టెలో పెట్టాల. రోజుకొకటి. సెకండ్ షిఫ్టు దిగొచ్చినాక, ఇల్లంతా నిద్రపోయినాక.

పదిహేడో రోజు చేతికొచ్చింది 'ఘరానా మొగుడు' అని రాసిన క్యాసెట్టు. సినిమా పాటలు, యాడ బట్టినా దొరుకుతాయి, తీసేద్దామనుకున్నాను. అయినా ఒట్టు ఒట్టే. ఎ పక్క విన్నాను. బి పక్క పెట్టినాను. అరగంట పైన పాటలు నడిచి, అయిపోయినాయి. లేచి ఆపబోతా ఉంటే టక్కుమని శబ్దం. ఆ వెనకాలే హార్మోనియం. మామ గొంతు. దాని పైన అత్త గొంతు, తాళంతో సహా.

తొమ్మిది నిమిషాలు. తత్వం సగం నుంచి మొదలయి, మంగళహారతితో ముగిసింది. చివర్లో అత్త నవ్వుతా, "ఆపండి చాలు, టేపు అయిపోతుంది" అంటుంది.

ఆ అక్షరాలు ఎవరివో అప్పుడు చూసినాను. 'ఘరానా మొగుడు' అని స్కెచ్ పెన్నుతో రాసింది నేనే. 1992లో నాకు పదహారేళ్ళు. మాలూరులో రికార్డింగ్ అంగడికి పాటల లిస్టు, ఖాళీ క్యాసెట్టు ఇస్తే ఎక్కించి ఇస్తుండిరి. కొత్త క్యాసెట్టుకి డబ్బుల్లేక మామ ఇంట్లో పేరు రాయని ఒకటి తీసుకుపోయినాను. పేరు లేదు కాబట్టి ఖాళీ అనుకున్నాను. తొంభై నిమిషాల భజన మీద మెగాస్టార్ పాటలెక్కించినాను. లిస్టు కొంచెం పొట్టిదయి, చివర తొమ్మిది నిమిషాలు మిగిలిపోయినాయి.

మళ్ళీ ఆదివారం రైలెక్కినాను. మామ ముందర పెట్టి వినిపించినాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయినాక, "ఇంకొకసారి పెట్టు" అన్నాడు. మూడుసార్లు పెట్టినాక అడిగినాను, "మామా, దీని మీద పాటలెక్కించింది నేనని నీకు తెలుసునా?"

"తెలుసురా. ఆ రాత్రే తెలుసు. మీ అత్తకూ తెలుసు. 'పిల్లోడు, పోనీండి, మళ్ళీ పాడుకుందాం లే' అనింది" అన్నాడు.

మళ్ళీ పాడుకున్నారు, ఎన్నోసార్లు. టేపు మాత్రం మళ్ళీ చేయలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తొస్తుంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని ప్లేట్లకు పాడింది. మన దేశంలో మొట్టమొదట ప్లేటు మీదికెక్కిన గొంతుల్లో ఆమెది ఒకటి. పాట చివర తన పేరు ఇంగ్లీషులో తానే గట్టిగా చెప్పేది. ఎందుకంటే ఆ ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో హానోవర్ ఊళ్ళో. అక్కడివాళ్ళకు ఇది ఎవరి పాటో తెలియాల కదా, లేబుల్లో పేరు రాయాల కదా. చివరికి మన మైసూరులోనే 1930లో ఆమె కన్నుమూసింది. ఈ రోజుకూ ఆ ప్లేటు పెడితే తన పేరు తానే చెప్తుంది. మా అత్త చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. క్యాసెట్టు మీద నాలుగక్షరాలు రాసుంటే సరిపోతా ఉండె.

అందుకని, మీ ఇళ్ళలో క్యాసెట్లుంటే ఈ నాలుగు పనులు చేయండి.

మొదటిది, పారేసేముందు రెండు పక్కలా చివరిదాకా వినండి. పైన రాసింది నమ్మొద్దు. ఏమీ రాయనిది అసలు నమ్మొద్దు.

రెండోది, క్యాసెట్టు పైఅంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ నాలుకలుంటాయి. వాటిని విరిచేస్తే ఇంక దాని మీద ఎవరూ ఎక్కించలేరు. మా ఇంట్లో ఆ రెండు ముక్కలు విరిచుంటే ఈ కథే లేదు. మళ్ళీ ఎక్కించాలనిపిస్తే ఆ గుంత మీద టేపు ముక్క అంటిస్తే సరి.

మూడోది, నంబరు. గాయకుల పేర్లతో అమరిస్తే కొత్తది వచ్చినప్పుడల్లా అన్నీ జరపాల, నేను రెండుసార్లు చేసి విసిగిపోయినాను. వచ్చింది వచ్చినట్టు 1, 2, 3 అని నంబరు వేసి వరసగా నిలబెట్టండి. ఒక నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా ఎ పక్క ఏముంది, బి పక్క ఏముంది, పాడింది ఎవరు, ఏ ఊళ్ళో, ఏ పండగకి, మీకు ఎవరిచ్చినారు, అన్నీ రాయండి. బుక్కు వెనకనుంచి అ, ఆ, ఇ, ఈ అని పేజీలు విడిచి, పేర్ల పక్కన నంబర్లు వేసుకోండి. వెతకడానికి అదే దారి.

నాలుగోది, నకలు. క్యాసెట్టు పెట్టెకి ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం నుంచి కంప్యూటరుకి ఒక వైరు కలిపితే చాలు, మీ పిల్లలు చేసిస్తారు. అది లేకపోతే రాత్రి ఫ్యాను ఆపేసి, ఫోను పక్కన పెట్టయినా రికార్డు చేయండి. ఫైలుకు కూడా నోటుబుక్కు నంబరే పెట్టండి. ఒకటి ఫోన్లో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర ఉండాల.

క్యాసెట్లు స్పీకరు మీద, టీవీ మీద పెట్టొద్దు, అయస్కాంతం టేపును తినేస్తుంది. పొయ్యి దగ్గరా వద్దు. పాత లక్క ప్లేట్లను స్పిరిట్‌తో తుడవొద్దు, లక్క కరిగిపోతుంది. మెత్తటి తడి గుడ్డ చాలు, లేబులు మాత్రం తడవకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, నిలువుగా పెట్టండి.

నా నోటుబుక్కులో ఇప్పుడు 231దాకా వచ్చింది. మామ ట్రంకులో ఇంకా పంతొమ్మిది వినాల. మొన్న ఆదివారం మామను కూర్చోబెట్టి ఆ తత్వం మొదటి సగం పాడమన్నాను. ఎనభై దాటిన గొంతు, మధ్య మధ్య ఆగింది. మొదలుపెట్టే ముందు ఆయన పేరు, ఊరు, తేదీ చెప్పించినాను. తర్వాత ఆయనే, నేనడక్కుండానే, అత్త పేరు కూడా చెప్పినాడు.

మీ ఇంట్లో పేరు రాయని క్యాసెట్టు ఎన్ని ఉన్నాయో ఈ ఆదివారం చూడండి. దొరికింది ఏమిటో నాకు రాయండి.