సెలైన్ లైనుకు సూది లేని కనెక్టర్: సులువంటే ఎవరికి సులువు?

మన గ్రూపులో స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సీట్ల గురించి చానా పోస్టులు వస్తుంటాయి. అనంతపురంలో నర్సింగ్ చదివే తండా పిల్లలం మేము ఈసారి ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క గురించి రాస్తున్నాం.

దాని పేరు నీడిల్‌లెస్ కనెక్టర్. క్యాన్యులా లైను చివర బిగిస్తారు. సూది లేకుండా సిరంజిని దానికే తిప్పి మందు ఎక్కించొచ్చు, సిరంజి తీస్తే దానంతట అదే మూసుకుంటుంది. అది లేనిచోట రబ్బరు బల్బులోకి సూది గుచ్చాలి, లేదా త్రీవే మూత తీసి, ఆ మూత యాడ పెట్టినామో వెతుక్కోవాలి. హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే 1000 మందిలో సుమారు ముగ్గురికి సోకుతుంది. టీకా వేసుకోనివాళ్లకు హెపటైటిస్ బి ముప్పు దానికంటే ఎన్నో రెట్లు. అమెరికా 2000లోనే ఇట్లాంటి గాయాల మీద చట్టం చేసింది.

అమ్మేవాళ్లు ప్రతిదాన్నీ "వాడటం సులువు" అంటారు. కానీ అన్నీ ఒకటి కాదు. కొన్నిట్లో సిరంజి తీస్తానే రక్తం కొంచెం వెనక్కి వస్తుంది. వాటికి ఫ్లష్ చేస్తూనే క్లాంప్ వేసి, తర్వాత సిరంజి తీయాలి. ఇంకొన్ని ముందుకు తోస్తాయి, వాటికి సిరంజి తీసినాకనే క్లాంప్. న్యూట్రల్ రకానికి ఈ వరుస పట్టింపు లేదు. చూడ్డానికి మాత్రం అన్నీ అక్కాచెల్లెళ్ల మాదిరే ఉంటాయి! ఒకే వార్డులో రెండు రకాలుంటే రాత్రి డ్యూటీలో ఎవరికి గుర్తుంటుంది? వరుస తప్పితే రక్తం గడ్డకట్టి లైను మూసుకుపోవచ్చు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన ముసలవ్వకు నరం దొరకడమే కష్టం, మళ్లీ గుచ్చాలి. శెనక్కాయ చేలో పాము కరిచి వచ్చినాయనకు విషానికి విరుగుడు మందు ఎక్కుతుండగా లైను ఆగితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

ఇంకో చిక్కు ఉంది. సూది లేదు కదా అని తుడవకుండా ఎక్కిస్తే, మన ముప్పు తీసి పేషెంటు నెత్తిన పెట్టినట్టే. ప్రతిసారీ ఆల్కహాల్ స్వాబ్‌తో గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. అందుకే పైభాగం నున్నగా, సందులు లేకుండా ఉన్నదే మాకు సులువు. రబ్బరు మధ్య చీలిక ఉండే రకంలో కదిలే భాగాలు లేవు. కొన్ని వాల్వు రకాలకంటే దీన్నే ఎంచుకోవచ్చని అమెరికా సీడీసీ 2011లో చెప్పింది. అయితే వాటిలో చాలావరకు రక్తం వెనక్కి వస్తుంది, వరుస నేర్చుకోక తప్పదు.

ధర ఎక్కువ అంటారు, నిజమే. మేం అడిగేది ఖరీదైనది కాదు. ఏది కొన్నా ఆసుపత్రి అంతా ఒకే రకం కొనండి, క్లాంప్ వరుస గోడ మీద తెలుగులో రాయండి, స్వాబ్‌లు కూడా పంపండి. కొనేముందు నాలుగు నమూనాలు గ్లవ్స్ వేసుకున్న మా చేతుల్లో పెట్టి చూడండి.

పాడేరు, ఉట్నూరు, కర్నూలు వైపు నర్సింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ వార్డులో ఏ రకం వాడుతున్నారో కింద రాయండి. అట్లే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయినాయో లేదో కూడా రాయండి.