డారీ కష్టం ఎవరికి కనబడుతుంది?

టీనేజీ పిల్లల కోసం రాసే ‘యంగ్ అడల్ట్’ నవలలు కొనేవాళ్లలో 55 శాతం మంది పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లేనని 2012లో బౌకర్ సంస్థ సర్వే తేల్చింది. పిల్లల కోసం కొన్నారేమో అనుకోవడానికీ లేదు. చాలామంది తాము చదువుకోవడానికే కొన్నామన్నారు. 2014లో స్లేట్ పత్రికలో రూత్ గ్రాహం, ఇలాంటివి చదువుతున్నందుకు పెద్దవాళ్లు సిగ్గుపడాలని రాసింది. దుమారం రేగింది.

ముగింపులు మరీ తేలిగ్గా తృప్తిపరుస్తాయన్న ఆమె ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ కుర్రాడు చదివిన పుస్తకాన్నే పెద్దాయనా చదువుతాడని అనుకోవడం దగ్గరే పొరపాటు జరిగింది.

ఎస్.ఈ. హింటన్ రాసిన ‘ది అవుట్‌సైడర్స్’ తీసుకోండి. 1967లో అది అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. రాసింది హైస్కూల్లో ఉండగా. రాసింది ఆడపిల్లని తెలిస్తే సమీక్షకులు చిన్నచూపు చూస్తారని పేరును పొడి అక్షరాలకు కుదించారు. పేద కుర్రాళ్ల ముఠాకూ డబ్బున్న కుర్రాళ్ల ముఠాకూ తగవు. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోయిన ముగ్గురన్నదమ్ముల్లో చిన్నవాడు, పద్నాలుగేళ్ల పోనీబాయ్, కథ చెబుతాడు. వాడి దృష్టిలో పెద్దన్న డారీ ఉత్త కర్కోటకుడు. ఒక రాత్రి ఇంటికి ఆలస్యంగా వచ్చినందుకు డారీ చెయ్యి చేసుకుంటాడు, తమ్ముడు ఇల్లొదిలి పరుగెడతాడు.

పద్నాలుగేళ్ల పాఠకుడు వాడి వెంటే పరుగెడతాడు. అరవై ఏళ్ల పాఠకుడు మాత్రం డారీ దగ్గరే ఆగిపోతాడు. ఎంతని అతని వయసు? ఇరవై. కాలేజీ ఆశ వదులుకుని ఇళ్ల పైకప్పులు వేసే పనికి పోతున్నాడు. తమ్ముళ్లను తన దగ్గర ఉండనివ్వరేమోనని లోపల గుబులు. చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాక గానీ తన సంగతి చూసుకోని పెద్దకొడుకులు మన ఇళ్లలో ఎంతమంది లేరు! వాళ్లకు డారీని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. అతను ఆసుపత్రిలో ఏడ్చేదాకా పోనీబాయ్‌కి ఇదేదీ తట్టదు. ఆ వయసులో హింటన్‌కి తట్టింది, అదీ విశేషం.

ఏంజీ థామస్ ‘ది హేట్ యు గివ్’ (2017)లోనూ ఇంతే. పోలీసులు ఆపితే చేతులు కనబడేలా ఉంచాలని, ఉన్నట్టుండి కదలకూడదని కథానాయిక స్టార్‌కి పన్నెండేళ్లప్పుడే అమ్మానాన్నలు నేర్పుతారు. పిల్లకది జాగ్రత్త. కన్నవాళ్లకు, అలాంటిది నేర్పాల్సి రావడమే నరకం.

డెబ్బైలు, ఎనభైలలో పెరిగిన తెలుగు పాఠకుల్లో చాలామంది ‘చందమామ’ కింద పెట్టి తిన్నగా యద్దనపూడి, యండమూరి సీరియళ్లు అందుకున్నారు. పద్నాలుగేళ్లవాడి గోడు వాడి నోటే వినే నవలలు వాళ్లకు అప్పట్లో పెద్దగా తగల్లేదు. ఇప్పుడు చదివితే దాన్ని చిన్నతనంలోకి జారిపోవడం అనడం అన్యాయం.

అలాగని దొరికిందల్లా చదవనక్కర్లేదు. ‘ది హంగర్ గేమ్స్’ (2008) గెలిచాక దాని వెనకే వరసకట్టిన సిరీస్‌లలో చాలావాటిని వదిలేసినా నష్టం లేదు. హింటన్ నవల చిన్నది, అమెరికాలో చాలా బడుల్లో పాఠ్యాంశం కూడా. కూతురింటికి వెళ్లిన తాతయ్యకు మనవడి సంచీలోనే దొరకొచ్చు. డారీ విషయంలో మాత్రం ఇద్దరికీ వాదన తప్పదు.