సీన్ కాదు... శీన్!

"మంచులో డ్యూయెట్ పాడేటప్పుడు హీరోగారికి స్వెట్టరూ, మఫ్లరూ, తోలు బూట్లూ ఉంటాయి గదా, హీరోయిన్‌కి మాత్రం పల్చటి షిఫాన్ చీరేనా? ఆవిడకి చలెయ్యదా?" అని తణుకు నుంచి ఓ పాఠకురాలు గట్టిగా నిలదీసింది. వేస్తుందమ్మా, వణుకొచ్చేట్టు వేస్తుంది. షాట్ ఓకే అనగానే రగ్గు పట్టుకుని పరిగెత్తే మనిషి ఒకడు పక్కనే ఉంటాడు. అతను ఫ్రేములో కనపడడు, అంతే!

ఆ ఉత్తరం చదివాక ఫ్రేములో కనపడని మరో మనిషి గుర్తొచ్చాడు నాకు. కాదు కాదు, ఆయన కనపడ్డాడు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

అసలు మనకి మంచంటే ఏం తెలుసు చెప్పండి? తెల్లారి గడ్డిమీద మెరిసేదీ మంచే, సంక్రాంతి రోజుల్లో ఎదురొచ్చే లారీ కనపడకుండా చేసేదీ మంచే, ఆకాశంలోంచి దూదిపింజల్లా రాలేదీ మంచే. లంబసింగిని ఆంధ్రా కాశ్మీరం అని మురిసిపోతాం గానీ అక్కడ మనం చూసేది మొదటి రెండు రకాలే. మూడోది మనకి వెండితెర మీదే. అదీ అసలు సరుకని గ్యారంటీ లేదు! 'డాక్టర్ జివాగో' (1965)లోని రష్యా చాలామటుకు స్పెయిన్ దేశం. మంచు చాలకపోతే పాలరాతి పొడి పరిచారు. 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' (1946)లో కురిసిన మంచు, మంటలార్పే నురగలో సబ్బు కలిపి చేసింది. మన 'రోజా' (1992)లో మనం కాశ్మీరం అనుకుని నోరు తెరుచుకు చూసింది ఎక్కువభాగం మనాలీ.

2018 నవంబరులో నేను చూసింది మాత్రం ముమ్మాటికీ అసలు మంచే.

ఓ చిన్న సినిమా యూనిట్‌తో శ్రీనగర్ వెళ్ళాను. సినిమా పేరు చెప్పను, ఆ నిర్మాత ఇంకా నాకు ఎదురుపడుతూనే ఉంటాడు. వాళ్ళకి కావలసింది మంచు కాదు, చినార్ ఆకులు. అక్టోబరు చివరికి ఆ మహావృక్షాలు నిప్పంటుకున్నట్టు ఎర్రబడతాయి. నసీంబాగ్‌లో రాలిన ఆకులమీద హీరో హీరోయిన్లు నడుస్తుంటే ఒక పల్లవి, రెండు చరణాలు. ప్లాను అదీ. లైట్లూ, హీరోయిన్ చీరల పెట్టెలూ జమ్మూ నుంచి వ్యానులో వస్తున్నాయి. హీరో హీరోయిన్లు ఆదివారం దిగుతారు. మేం ఆరుగురం ముందే వచ్చేశాం.

నవంబరు 3, శనివారం. కారులో వెళ్తుంటే మా డ్రైవరు అద్దంలోంచి పైకి చూసి, గొంతు తగ్గించి, "శీన్" అన్నాడు. యాభై ఏళ్ళ మనిషి. అందరం భాయ్‌సాబ్ అనేవాళ్ళం. మా డైరెక్టరు సీట్లోంచి ఎగిరాడు. "చూశారా, ఈయనక్కూడా తెలిసిపోయింది! సీనంటే ఇదీ! ఎర్ర ఆకు, తెల్ల మంచు... లక్షలు పోసినా దొరుకుతుందా గురూ?"

కాశ్మీరీలో 'శీన్' అంటే మంచు. ఆ ముక్క మాకు రాత్రిగ్గానీ తెలియలేదు.

షూట్ చెయ్యాలంటే హీరోయిన్ లేదు, చీరల్లేవు. అయితేనేం? సన్నగా ఉన్న అసిస్టెంటు కుర్రాడికి ఎర్ర శాలువా కప్పి, "వెనకనుంచి అచ్చం హీరోయినే" అన్నాడు డైరెక్టరు. కెమేరామన్ మొత్తుకుంటున్నాడు. చలికి బ్యాటరీలు కళ్ళముందే దిగిపోతున్నాయి. మీటరు చెప్పినట్టు వింటే తెల్ల మంచు బూడిదరంగులో వస్తుంది, స్టాపు, స్టాపున్నర తెరవాలి. ఈ గొడవలో ఉండగా భాయ్‌సాబ్ వచ్చి, "నన్ను వదిలెయ్యండి సాబ్, ఇంటికెళ్ళాలి" అన్నాడు. పుల్వామా వైపు ఏదో పల్లె. "ఒక్క గంట ఆగమను" అన్నాడు డైరెక్టరు. ఆయనకి హిందీ అంతంతమాత్రం. ఆ ఒక్క గంటని హిందీలోకి మార్చి చెప్పింది నేనే.

గంట నాలుగు గంటలయింది. అప్పటికి ఆ చిన్న కారు గొలుసుల్లేని టైర్లతో ముందుకి కదిలే పరిస్థితి లేదు. కరెంటు పోయింది. జమ్మూ హైవే మూసేశారు. లైట్లూ చీరలూ బనిహాల్ అవతల ఇరుక్కున్నాయి. హీరోయిన్ రానని కబురు పంపింది. మా లాడ్జివాడు ఇంకా చలికాలపు బొగ్గులు కొననేలేదు. ఉన్న ఒక్క కాంగ్డీ, అదేనండీ నిప్పుల కుండ పెట్టిన విల్లో పుల్లల బుట్ట, భాయ్‌సాబ్‌కి ఇవ్వబోతే ఆయన దాన్ని మా మధ్యకి తోసేసి ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు చెప్పాడు. కాశ్మీరానికి మంచు శత్రువు కాదట. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు 'చిల్లై కలాన్', పెద్ద చలి. అప్పుడు ఎంత పడితే అంత సంతోషం, ఎండాకాలం వాగులకి నీళ్ళు దానివల్లే. అప్పటికి యాపిల్ చెట్టు ఆకులన్నీ రాల్చేసి మోడై ఉంటుంది. పడ్డ మంచు కొమ్మల సందుల్లోంచి జారిపోతుంది. నవంబరు మొదట్లో చెట్టునిండా ఆకులే. కొన్ని రకాలకి కాయలు కూడా కొయ్యరు. ప్రతి ఆకూ దోసిలి పట్టినట్టు మంచుని పట్టుకుంటుంది. పైగా తొలి మంచు పొడిపొడిగా ఉండదు, నీళ్ళోడుతూ మహా బరువు. కొమ్మ విరిగితే ఫరవాలేదు, పంగ దగ్గర చెట్టే రెండుగా చీలుతుంది. పాతకాలం యాపిల్ మొక్క నిండుగా కాపుకొచ్చేసరికి పదేళ్ళ పైమాటే.

"మరి ఏం చేస్తారు?" అన్నాను.

"పొడుగాటి కర్రలతో కొట్టి దులపాలి. పడుతున్నంతసేపూ దులుపుతూనే ఉండాలి. మనుషులు కావాలి సాబ్."

ఆయన ఇంట్లో ఆ రాత్రి ఉన్న మనుషులు భార్య, పదహారేళ్ళ కొడుకు, ముసలి తండ్రి. నేను మరి మాట్లాడలేదు. అర్ధరాత్రి లాడ్జి వెనకాల ఏదో చెట్టు ఫెళ్ళుమంది. ఆయన లేచి కూర్చున్నాడు. ఇంకోటి ఫెళ్ళుమంది. తెల్లారేదాకా పడుకోలేదు. నేనూ పడుకోలేదు గానీ, నాది చలికి.

మర్నాడు మధ్యాహ్నం దారి ఇస్తే కెమేరామనూ నేనూ ఆయనతో వెళ్ళాం. అరవై చెట్లు. ఇరవై రెండు చీలిపోయాయి. ఆకులు పచ్చగా నవనవలాడుతున్నాయి, మాను మధ్యలో మాత్రం కొత్త చెక్కలా తెల్లటి గాటు. కుర్రాడి అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. తండ్రిని చూసి ఏమీ అనలేదు, మావైపు మాత్రం ఒకసారి చూశాడు. కెమేరామన్ మూత తియ్యకుండానే కెమేరా సంచిలో పెట్టేశాడు.

డైరెక్టరు పంపిన బాడుగ ఇస్తే భాయ్‌సాబ్ లెక్కపెట్టుకున్నాడు. మూడువందలు తిరిగిచ్చాడు. "నిన్న పెట్రోలు మీరే పోయించారు గదా" అన్నాడు.

దేశంలో పండే యాపిళ్ళలో నాలుగింట మూడు వంతులు జమ్మూ కాశ్మీర్‌వే. ఆ వారం అట్టపెట్టెల లారీలు కొండదారుల్లో బారులు తీరి నిలబడిపోయాయి. ఇక్కడ కొత్తపేట పండ్ల మార్కెట్లో కాశ్మీర్ పెట్టె చూసినప్పుడల్లా నాకు ఆ తెల్లటి గాటే కనపడేది.

ఏడాది తిరిగాక, 2019 నవంబరు 7న, మళ్ళీ పడింది. ఈసారి ఇంకా ఎక్కువ. ఫోను చేశాను. ఆ ఆగస్టు 5 నుంచి అక్కడ ఫోన్లు మూగబోయాయి. అక్టోబరులో పోస్ట్‌పెయిడ్ వాటికి ప్రాణం వచ్చింది గానీ ఆయనది ప్రీపెయిడ్. 2020 జనవరిలో అవి తెరిచాక గానీ మోగలేదు. "ఎన్ని పోయాయి?" అంటే "పోయినసారి ఇనప పట్టీలు బిగించి బతికించినవి పోయాయి" అన్నాడు. "మీ సినిమా వచ్చిందా?" అని అడిగాడు.

వచ్చింది. రెండు వారాలు ఆడింది. పాటలో మంచు ముక్క పదకొండు సెకన్లు. ఎర్ర శాలువా వెనక్కి తిరిగి నడుస్తుంటే నేల టికెట్టు కుర్రాళ్ళు ఈలలే ఈలలు, పాపం అది మా అసిస్టెంటని వాళ్ళకేం తెలుసు! ఫ్రేములో కుడివైపు మూల ఓ తెల్ల కారు సగం కనపడుతుంది. దానికి ఆనుకుని, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, ఓ మనిషి మనవైపే చూస్తూ నిలబడి ఉంటాడు.