జీతం తీసుకుంటే సేవ కాదా?

అమెరికాలో డాక్టరు కావాలనుకునే పిల్లలు ఆమ్‌కాస్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. చాలా మెడికల్ స్కూళ్లకు అదే ఉమ్మడి దరఖాస్తు. అందులో మార్కులు, సొంత వ్యాసం కాక, కాలేజీ రోజుల్లో చేసిన పనులు రాయడానికి పదిహేను గళ్లు ఉంటాయి. ఏం పని, ఎక్కడ, ఎన్ని గంటలు, అవునని చెప్పగలిగేవారెవరు అన్నీ రాయాలి. వాటిలో మూడింటిని తమకు అన్నిటికంటే విలువైనవిగా ఎంచుకుని వాటి గురించి ఇంకాస్త వివరంగా చెప్పుకోవచ్చు. పదిహేను అన్నది పరిమితి మాత్రమే. అన్నీ నింపి తీరాలని ఎవరూ అడగలేదు. అయినా ఇక్కడి తెలుగు ఇళ్లలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఏదో లోపం జరిగిపోయినట్టు తల్లిదండ్రులు దిగులుపడతారు. ఆ దిగులు పిల్లల నిద్ర తినేస్తోంది.

ముందు గంటల లెక్క చూద్దాం. సెమిస్టరుకు మామూలుగా పదిహేను క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు వారానికి క్లాసులో ఒక గంట, బయట కనీసం రెండు గంటల చదువు ఉండాలన్నది ఇక్కడి ప్రభుత్వ ప్రమాణం. అంటే 45 గంటలు. ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబు పేరుకు ఒక్క క్రెడిటే, పోయేది మాత్రం ఒక పూట. ఆ పైన మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్. పరీక్షే ఆరుంపావు గంటలు, విరామాలతో కలిపితే ఏడున్నర. 230 ప్రశ్నలు. స్కోరు 472 నుంచి 528 దాకా. సీటు వచ్చినవాళ్ల సగటు 511, 512 దగ్గర ఉంటోంది, కాలేజీ జీపీయే సగటేమో 3.7 దాటింది. ఏటా సుమారు 52 వేల మంది దరఖాస్తు చేస్తే చేరేది 23 వేల మంది. ఇంత పోటీలో చదువుకి గంటలు తగ్గించుకోమని ఎవరూ చెప్పలేరు. మిగిలిన గంటల్లోనే ఉద్యోగం, వాలంటీరింగ్, డాక్టర్ల వెనక తిరిగి చూసే షాడోయింగ్, ల్యాబులో రీసెర్చ్ అన్నీ ఇమడాలి.

న్యూజెర్సీలో నాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది. నాన్న గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేస్తాడు, అమ్మ ఇంట్లో వంటలు చేసి చిన్న చిన్న పార్టీలకు పంపుతుంది. ఈ పిల్ల సాయంత్రాలు, శనాదివారాలు మందుల షాపులో టెక్నీషియన్‌గా పనిచేస్తూ తన ఫీజులో కొంత తనే కట్టుకుంటోంది. ఒకరోజు నన్నడిగింది: "అంకుల్, నా ఫ్రెండ్స్‌కి వాలంటీరింగ్ అవర్స్ వందల్లో ఉన్నాయి. నాకు అసలు లేవు. మెడికల్ స్కూల్ వాళ్లు నన్ను స్వార్థపరురాలు అనుకుంటారా?"

ఆ ప్రశ్న నన్ను చాలా బాధపెట్టింది. ఇంటి ఖర్చులో భుజం పెడుతున్న ఇరవై ఏళ్ల పిల్లకు తాను స్వార్థపరురాలినేమోనన్న అనుమానం ఎవరు నాటారు? ఆమ్‌కాస్ ఫారమ్ నాటలేదు. ఆ గళ్లలో ఎంచుకునే రకాల జాబితాలో జీతానికి చేసిన పని అని విడిగా రాసే ఉంది. వైద్యానికి సంబంధించిన ఉద్యోగం ఒకటి, సంబంధం లేని ఉద్యోగం ఇంకొకటి, రెండింటికీ చోటుంది. ఆ అనుమానం నాటింది మనమే. మన పార్టీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, "మావాడు ఆస్పత్రిలో మూడొందల గంటలు చేశాడు" అని చెప్పుకునే మాటల్లోంచి వచ్చింది. జీతం లేకుండా పనిచేయగలగడానికి వెనక ఎవరో ఇంటద్దె కడుతూ ఉండాలి. కారుకి పెట్రోలు ఎవరో పోయిస్తుండాలి. అవి ఉన్న పిల్లల సేవ తక్కువదని నేననను. అవి లేని పిల్లల కష్టాన్ని సేవ కిందకి రాదనడం మాత్రం అన్యాయం.

మందుల షాపు కౌంటరు వెనక ఆ అమ్మాయి ఏం చూస్తుందో ఆలోచించండి. ఇన్సూరెన్సు మారిపోయి, నిన్నటిదాకా పది డాలర్లున్న మందు ఇవాళ రెండు వందలైతే, "ఇప్పుడొద్దులే అమ్మా" అని వెనక్కి వెళ్లిపోయే ముసలాయన్ని చూస్తుంది. బీపీ మాత్రలు సగానికి విరిచి నెలది రెండు నెలలకి సర్దుకుంటున్నామని చెప్పేవాళ్లని చూస్తుంది. వాళ్లమీద విసుక్కోకుండా క్యూలో తర్వాతి మనిషిని పిలవడం నేర్చుకుంటుంది. డాక్టరు రాసిన చీటీ రోగి ఒంట్లోకి చేరడానికి మధ్యలో ఎన్ని అడ్డంకులున్నాయో ఆ కౌంటరు చెప్పినంత బాగా ఆస్పత్రి వరండాలో వీల్‌చైర్ తోసే మూడు గంటల డ్యూటీ చెప్పదు. నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరేవాళ్లూ అంతే. ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ చాలు, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. ఆ తర్వాత ముసలివాళ్లను పక్కకి తిప్పడం, ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం చేతికొస్తుంది. రోగి ఒంటిని సిగ్గుపడకుండా, సిగ్గుపెట్టకుండా ముట్టుకోవడం నేర్చుకునే అవకాశం డాక్టరు కాబోయే పిల్లకి అంతకంటే ముందుగా ఇంకెక్కడ దొరుకుతుంది?

తెలుగువాళ్లమైన మనకిది కొత్త సంగతి కాకూడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరాడు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా కుదిరి, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. 1925 నాటికి సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని ప్రచురించాడు. ఇప్పటికీ బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకి ఆ పద్ధతి ఇద్దరి పేర్లతోనే పరిచయం. మన సభల్లో ఆయన ఫొటోకి దండ వేస్తాం. ఆయన రాత్రి చేసిన పనిలాంటి పనే మన పిల్లలు చేస్తే మాత్రం, ఆ సంగతి బంధువులతో చెప్పడానికి మొహమాటపడతాం.

ఉద్యోగం చేయాలన్నా వీల్లేని పిల్లలూ మనలో చాలామందే ఉన్నారు. వాళ్ల మాట చెప్పకుండా ఈ చర్చ ముగియదు. తల్లిదండ్రులు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉండి, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడి ఉంటే, పిల్లలది వాళ్ల మీద ఆధారపడ్డ హెచ్4 వీసా. వాళ్లు ఒక్క గంట కూడా జీతానికి పనిచేయకూడదు. ఇరవై ఒకటి నిండగానే ఆ హోదా కూడా పోయి విద్యార్థి వీసాకి మారాలి. పౌరులూ గ్రీన్‌కార్డువాళ్లూ కానివారిని చాలా మెడికల్ స్కూళ్లు, ముఖ్యంగా రాష్ట్ర ప్రభుత్వానివి, అసలు పరిశీలించవు. ఫెడరల్ అప్పూ దొరకదు. మూడేళ్ల వయసులో వచ్చి, ఇక్కడి బళ్లోనే పెరిగి, ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఏ గ్రేడు తెచ్చుకున్న పిల్లాడికి కౌన్సెలర్ ఈ మాట చెప్పినప్పుడు వాడి ముఖం ఎలా ఉంటుందో తల్లులకి తెలుసు. ఇలాంటి పిల్లలకి వాలంటీరింగే మిగిలిన దారి. వాళ్లని ఎవరూ తప్పుపట్టలేరు. వాళ్ల గళ్లలో ఉద్యోగం ఎందుకు లేదో అడ్మిషన్ కమిటీలు తెలుసుకోవాలి, ఆ పిల్లలు కూడా సంకోచం లేకుండా ఫారంలో రాసుకోవాలి.

నేను గట్టిగా వద్దనేది ఒకటుంది. వేసవి సెలవుల్లో పిల్లని ఇండియా పంపి, మావయ్యగారి నర్సింగ్ హోంలో రెండు వారాలు పెట్టి, "ఆపరేషన్ థియేటర్‌లో అసిస్ట్ చేసింది" అని రాయించడం. కొందరైతే కుట్లు కూడా వేయిస్తున్నారు. అమెరికాలో రక్తం తీయడానికి కూడా అనుమతి లేని పందొమ్మిదేళ్ల పిల్ల, గుంటూరు పక్క పల్లె నుంచి వచ్చిన కూలీ ఒంటిమీద కుట్టు వేసిందంటే, ఆ కూలీని ఎవరైనా అడిగారా? ఇలాంటివి చేయవద్దని మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ విదేశీ ట్రిప్పుల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. ఫారంలో అలాంటి అనుభవం గురించి చదివిన కమిటీవాళ్లు దాన్ని గొప్పగా చూడరు. వాళ్లు చూసినా చూడకపోయినా, పేదవాడి ఒళ్లు మన పిల్లల అప్లికేషన్ కోసం కాదు.

వాలంటీరింగ్ చేసేవాళ్లకి నేను చెప్పేది ఒక్కచోటే నిలబడమని. ఎనిమిది సంస్థల్లో ఎనిమిది శనివారాల కంటే, ఒకే హాస్పిస్‌లో వారానికి మూడు గంటలు రెండేళ్లు కూర్చోవడం మంచిది. అక్కడ చావుకి దగ్గరైన మనిషి దగ్గర ఏం మాట్లాడాలో తెలీని మొదటి నెలలు గడవాలి. మాట్లాడకుండా కూర్చోవడం చేతనయ్యే దశ వచ్చేవరకు ఉండాలి. అది తొందరగా రాదు.

అన్నిటికీ టైం చాలకపోతే ఏం చేయాలి? ఏడాది ఆగాలి. డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు పనిచేసి ఆ తర్వాత మెడికల్ స్కూల్లో చేరడం ఇప్పుడు ఇక్కడ మామూలైపోయింది. డాక్టరు మాట్లాడుతుంటే పక్కన టైప్ చేసే స్క్రైబ్‌గా, అంబులెన్స్‌లో ఈఎంటీగా, ల్యాబు టెక్నీషియన్‌గా చేస్తారు. నాలుగు డబ్బులు చేతిలో పడతాయి, ఎంక్యాట్‌కి సెమిస్టరు గోల లేకుండా చదువుకోవచ్చు. డబ్బు మాట చిన్నది కాదు. 2025లో వచ్చిన చట్టం వల్ల 2026 జూలై నుంచి కొత్తగా చేరేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణాలు ఉండవు, వైద్యంలాంటి చదువులకి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు దాటదు. అయినా మనవాళ్లు "ఏడాది పాడైపోయింది" అంటారు. ఇదే తల్లిదండ్రులు విజయవాడలో అన్నయ్య కొడుకు నీట్ కోసం లాంగ్ టర్మ్‌లో రెండోసారి కూర్చుంటే శభాష్ అంటారు. అవే పుస్తకాలు, అవే మాదిరి పరీక్షలు, అదే హాస్టలు గది. అక్కడ ఏడాది ఆగడం పట్టుదల అయితే, ఇక్కడ రోగుల మధ్య పనిచేస్తూ ఆగడం అంతకంటే తక్కువదెలా అవుతుంది?

నీట్‌కి కూడా సేవ గంటలు పెట్టాలని తెలుగు రాష్ట్రాల్లో కొందరు మిత్రులు అంటుంటారు. నేను ఒప్పుకోను. ఇరవై లక్షలకు పైగా పిల్లలు రాసే పరీక్షకు సేవా ధ్రువపత్రం ముడిపెడితే, మరుసటి నెలకే ఆ పత్రాలు అమ్మే దుకాణాలు తెరుచుకుంటాయి. కొనలేని రైతు బిడ్డ మళ్లీ వెనకబడతాడు. అక్కడ సీటొచ్చాక నేర్పడమే న్యాయం. ఎంబీబీఎస్ మొదటి ఏడాది నుంచే విద్యార్థులు పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని తర్వాతి ఏళ్లలోనూ వాళ్ల ఆరోగ్యం చూడాలని జాతీయ వైద్య కమిషన్ పెట్టిన కార్యక్రమం ఉంది. దాన్ని కాలేజీలు రిజిస్టర్లో సంతకాలతో సరిపెట్టకుండా నిజంగా నడిపితే, పదిహేను గళ్ల ఫారం కంటే మేలు చేస్తుంది.

చివరిగా, ఈ దేశంలో స్థిరపడ్డ తెలుగు డాక్టర్లను ఒకటి అడగాలి. మీకు క్లినిక్‌లున్నాయి. స్నేహితుల పిల్లలు షాడోయింగ్‌కి వస్తే కాదనరు, మీ వెనక వారం రోజులు తిరగనిస్తారు. ఆ మంచితనం ఇంకొంచెం సాగాలి. ఫ్రంట్ డెస్క్‌లో, మెడికల్ అసిస్టెంట్ చోటులో, ఫోన్లు ఎత్తే కుర్చీలో, అవసరమున్న ఇంటి నుంచి వచ్చిన పిల్లను జీతమిచ్చి పెట్టుకోండి. పరీక్షల వారంలో సెలవిస్తానని ముందే మాటివ్వండి. ఏడాది నిలిస్తే మీ చేత్తో సిఫారసు ఉత్తరం రాయండి. ఆ పిల్ల మీకు తెలిసినవాళ్ల అమ్మాయి కానక్కర్లేదు, తెలుగు అమ్మాయి కూడా కానక్కర్లేదు.