జపాన్ పిల్లలకు ఇంగ్లీషు రాకపోతే నేరం మాతృభాషదా?

తెలుగు మాధ్యమం మాటెత్తిన ప్రతి సభలోనూ జపాన్ ప్రస్తావన రాక తప్పదు. ఒకరు లేచి, జపాన్ వారు మాతృభాషలోనే చదివి ఎదిగారంటారు. వెంటనే మరొకరు, "ఎదిగితే ఎదిగారు గాని, ఆరేళ్లు బడిలో ఇంగ్లీషు చదివిన కుర్రవాడు నోరు విప్పి దారి చెప్పలేడు. మన పిల్లలకూ అదే గతి పట్టాలా?" అంటారు. తల్లిదండ్రులు రెండవవారి వైపే మొగ్గుతారు. అయ్యా, అమ్మా, ఆ రెండవ మాటను కాస్త పరీక్షించండి.

నాలుక తిరగదందామా? జపనీస్ కూడా మన తెలుగువలె అచ్చుతో ముగిసే పదాలను కోరే భాష. మనం 'బస్సు' అంటే వారు 'బసు' అంటారు. వారి వాక్యంలోనూ క్రియ చివరనే వస్తుంది. అయినా తెలుగువారు ఇంగ్లీషులో ఉద్యోగాలు చేస్తూనే ఉన్నారు గదా!

దోషమంతా బోధనలో, పరీక్షలో ఉంది. జపాన్ ఉన్నత పాఠశాలల్లో 'యాకుదోకు' అనే పద్ధతి తరతరాలుగా పాతుకుపోయింది. ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాటగా జపనీస్‌లోకి మార్చి, తమ భాషా క్రమంలో పేర్చి, అర్థం రాసుకుంటే పాఠం అయినట్లే. 1987 నుండి జెట్ పథకం కింద విదేశీ యువతను సహాయకులుగా రప్పించారు. 2013 నుండి ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషును ప్రధానంగా ఇంగ్లీషులోనే బోధించాలన్నారు. కాని విశ్వవిద్యాలయ ప్రవేశానికి పెట్టే జాతీయ పరీక్షలో వినికిడి భాగం చేరిందే 2006లో! మాట్లాడే సామర్థ్యాన్ని ప్రైవేటు పరీక్షలతో కొలవాలన్న యోచనను 2019లో వాయిదా వేసి, 2021లో విరమించుకున్నారు. పరీక్షలో అడగని దానికోసం ఏ పిల్లవాడు కష్టపడతాడు?

ఆ దేశపు తోషిహిదే మస్కవా 2008లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకొని, ఉపన్యాసం జపనీస్‌లోనే ఇచ్చారు. మాతృభాష ఆయన భౌతికశాస్త్రానికేమీ అడ్డు రాలేదు.

ఇక ఉపాధ్యాయ మిత్రులారా, కోపగించుకోకండి. హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో మనం తెలుగు చెప్పే తీరు యాకుదోకుకు ఎంత దూరం? పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం, గైడులోని జవాబు. ఇంట తెలుగు మాట్లాడే బిడ్డ తరగతిలో ఒక్క సొంత వాక్యమైనా పలకకుండా ఏడాది గడిపేస్తున్నాడు. జపాన్ బిడ్డకు ఇంగ్లీషు పరాయి భాష. మన బిడ్డకు తెలుగు పరాయిదా?

ఇంగ్లీషు కోసమని తెలుగు సెక్షను మాన్పించబోతున్న తల్లిదండ్రులు కొత్త బడిలో ఒక్క ప్రశ్న అడగండి: మా వాడు వారానికి ఎన్ని నిమిషాలు తానుగా ఇంగ్లీషులో మాట్లాడతాడు? దానికి జవాబు దొరికేవరకు టీసీ తీసుకోకండి.